నల్ల గోళ్ల కుక్కకి ఇంట్లో గోళ్లు తీయడం ఎలా?

ప్రశ్న:
మా బ్రూనోకి గోళ్లన్నీ నల్లవేనండీ. బాగా పెరిగిపోయాయి, నడుస్తుంటే నేల మీద టకటకమని చప్పుడు. తెల్ల గోరైతే లోపలి గులాబీ రంగు కండ బయటికే కనిపిస్తుంది, దాని ముందే ఆపేయొచ్చు. నల్ల గోటికి ఎక్కడ ఆపాలి? పైగా కట్టర్ చూడగానే కాలు లాగేసుకుని మంచం కింద దూరిపోతాడు. నలుగురం కలిసి అదిమి పట్టుకోవడం నాకిష్టం లేదు.

జవాబు 1:
అదిమి పట్టకపోవడమే మంచిదండీ. మా దానివీ నల్ల గోళ్లే. ఒక్కసారిగా కత్తిరించొద్దు, కొస నుంచి పల్చటి పెచ్చుల్లా తీస్తూ రండి. తీసిన ప్రతిసారీ గోటిని ఎదురుగా తిప్పి, తెగిన చోటు చూడండి. మొదట సుద్దలా పొడిపొడిగా, తెల్లగా ఉంటుంది. ఇంకాస్త తీశాక నడిమధ్యలో చిన్న ముదురు చుక్క కనపడుతుంది. అక్కడ ఆగిపోవాలి, రక్తనాళం, నరం ఉన్న కండ దాని వెనకే ఉంటుంది.

ఈసారికి గోరు ఇంకా పొడుగ్గానే మిగిలినా ఫర్వాలేదు. గోరు పెరిగేకొద్దీ లోపలి కండ కూడా ముందుకొస్తుంది. వారానికోసారి కొంచెం కొంచెం తీస్తుంటే అదీ మెల్లగా వెనక్కి జరుగుతుంది. మన గోళ్ల కట్టర్ మాత్రం వాడకండి, గుండ్రటి గోటిని నలిపేస్తుంది. కుక్కల కోసం చేసిందే తీసుకోండి, పదును తగ్గితే మార్చేయండి.

జవాబు 2:
ముందు భయం సంగతి చూడండి. కొన్నాళ్లు కత్తిరించడమే వద్దు. వాడు కునుకు తీసే వేళ పక్కన కూర్చుని కాలు నిమరండి, ఒక్కో వేలూ మెల్లగా నొక్కి వదలండి, వెంటనే ఇష్టమైన ముక్క పెట్టండి. కాలు లాక్కుంటే వదిలేయండి. అలవాటయ్యాక కట్టర్ పక్కన పెట్టి, ఆ తర్వాత గోటికి తాకించి, ఊరికే టక్కుమనిపించి, ప్రతిసారీ ముక్క ఇవ్వండి. కత్తిరించడం మొదలెట్టిన రోజు ఒక్క గోరు తీసినా చాలు. అన్ని గోళ్లూ ఒకే పూట అవ్వాలని ఎక్కడుంది?

జవాబు 3:
మొదలుపెట్టే ముందే స్టిప్టిక్ పౌడర్ (రక్తం కారకుండా ఆపే పొడి) చేతికందేలా పెట్టుకోండి. లేకపోతే కార్న్‌ఫ్లోర్ అయినా సరే. రక్తం వస్తే పొడి అద్ది, శుభ్రమైన గుడ్డతో రెండు మూడు నిమిషాలు ఒత్తి పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టేది కాస్తా ఊడిపోతుంది. 20 నిమిషాలైనా ఆగకపోతే డాక్టరుకి చూపించాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్సండీ. ఇవాళ్టి నుంచి కాళ్లు నిమరడంతో మొదలుపెడతాను. ముందు కాళ్లకి లోపలి వైపు, కాస్త పైన ఒక గోరు ఉంది కదా, దాన్ని కూడా తీయాలా?

జవాబు 1:
తప్పకుండా. అది నేలకి తగలదు కాబట్టి అరగదు. వదిలేస్తే వంకీ తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. బొచ్చు కుక్కలకైతే బయటికి కనపడదు కూడా, వెంట్రుకలు పక్కకి తీసి చూడండి.