పెదనాన్న బోర్డు అక్షరాలను ఫాంట్ చేస్తున్నా, ఒత్తుల దగ్గర ఇరుక్కుపోయా. చేసినవాళ్లు చెప్పండి

కుంచె_అనంత
మాది అనంతపురం. మా పెదనాన్న ముప్పై ఏళ్ల పైన బోర్డులు రాశాడు. షాపుల పేర్లు, లారీల వెనక రాతలు, ఎన్నికలప్పుడు గోడలు, అన్నీ. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు డబ్బాలోనే గట్టిపడిపోయాయి. మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు పాత క్యాలెండర్ల వెనక వైపు ఆయనతో అక్షరాలన్నీ రాయించుకున్నా. అంగుళం ఫ్లాట్ బ్రష్, నల్ల ఎనామిల్. అచ్చులు, హల్లులు, గుణింతం గుర్తులు, ఒత్తులు కలిపి పదకొండు షీట్లు. 600 డీపీఐలో స్కాన్ చేసి, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేసి (అంచులను గీతలుగా మార్చి), ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్‌లో పెట్టా.

'కడప' అని కొడితే అచ్చం పెదనాన్న రాసినట్టే వచ్చింది. ఎగిరి గంతేశా. వెంటనే 'కర్నూలు' అని కొట్టా. ర మీద పొల్లు, పక్కన నిండు 'నూ'. ఒత్తు రానే లేదు. గీసిన న ఒత్తు ఫాంట్‌లో ఉంది, కానీ దాన్ని ఎవరూ పిలవడం లేదు.

ఇంకోటి. ఇది అయ్యాక చిన్న వీడియోలు చేయాలని ఉంది. కుంచెతో రాస్తున్నట్టు అక్షరాలు కదలాలి. దానికి ఇప్పటి నుంచే ఏమైనా జాగ్రత్త పడాలా?

పొల్లు_కడప
కడపలో పదిహేనేళ్లుగా డీటీపీ నా పని. పాత డీటీపీ ఫాంట్లలో ఒత్తు కూడా ఒక కీ. కొట్టిన చోట కూర్చునేది, అంతే. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి, అందులో ఒత్తుకు వేరే నంబరు లేదు. 'ర్నూ' అంటే ర, పొల్లు, న, కొమ్ముదీర్ఘం అని నాలుగు వరుసగా వస్తాయి. పొల్లు, న కలిసిన చోట న ఒత్తు వేయమని ఫాంటే చెప్పాలి. ఫాంట్‌ఫోర్జ్‌లో లుకప్ (ఏవి కలిస్తే ఏది వేయాలో చెప్పే పట్టిక) ఒకటి పెట్టు, ఫీచర్ పేరు బీఎల్‌డబ్ల్యూఎఫ్ (blwf). స్క్రిప్ట్ (లిపి) దగ్గర టీఈఎల్2 (tel2, అంటే తెలుగు) అని ఇవ్వాలి. లాటిన్ అనో డిఫాల్ట్ అనో వదిలేస్తే ఎన్ని ఒత్తులు గీసినా ఒక్కటీ పలకదు. వరుస కూడా చూసుకో: పొల్లు ముందు, హల్లు తర్వాత. తిరగేసి రాసి నేను రెండు రోజులు తల పట్టుకున్నా.

35 హల్లులకు 35 ఒత్తులంటే 1225 జంటలు గీయాలేమోనని భయపడొద్దు. ఒత్తులు 35 గీస్తే చాలు, మిగతాదంతా ఎక్కడ కూర్చోబెట్టాలన్న గొడవే. కాకపోతే త, న, మ, య, ర, ల ఒత్తులకూ అసలు అక్షరాలకూ పోలిక ఉండదు. వాటిని పెదనాన్న చేతే రాయించు, నువ్వు అక్షరాన్ని కుదించి పెట్టొద్దు. ప, స, హ లాంటివాటి ఒత్తులు కింద కాకుండా కుడి పక్కకు జరిగి కూర్చుంటాయి. 'తప్పు' కొట్టి చూడు, కొమ్ముకూ ఒత్తుకూ అక్కడే తగాదా.

కుంచె_అనంత
అన్నా, వచ్చింది! టీఈఎల్2 ఇవ్వకపోవడం ఒక్కటే తప్పు. 'కర్నూలు' ఇప్పుడు కర్నూలులాగే ఉంది. 'తప్పు' మాత్రం మీరన్నట్టే తప్పుగా ఉంది, కొమ్ము తోక పోయి ఒత్తు మీద పడుతోంది.

పొల్లు_కడప
ప, ఫ, వ లకు కొమ్ము మామూలు చోట పెట్టకూడదు తమ్ముడూ. వ పక్కన మామూలు కొమ్ము తగిలిస్తే చూసేవాడికి మ అవుతుంది. అందుకే మనవాళ్లు దాన్ని కిందికి దించి రాశారు. పు, ఫు, వు, పూ, ఫూ, వూ ఆరూ విడిగా గీయించు. హా, మొ, యొ కూడా విడిగానే. ముక్కలు అతికించి చేస్తే కుట్లు కనబడతాయి.

ట్రేస్ చేశావన్నావు కదా, ఒక్కో అక్షరం అంచు గీతకు పాయింట్లు ఎన్ని వచ్చాయి?

కుంచె_అనంత
క కి 214. చూసి నవ్వకండి.

పొల్లు_కడప
నవ్వడం కాదు, ఏడుపొచ్చింది. ముప్పై నలభై దాటకుండా చూసుకో. సింప్లిఫై కొడితే తగ్గుతాయి గానీ కుంచె అంచు కూడా నున్నబడిపోతుంది. నేనైతే ట్రేస్‌ను వెనక లేయర్‌లో పెట్టుకుని, పైన చేత్తో మళ్లీ గీస్తా. వంపు బాగా పైకి, కిందికి, పక్కలకు పోయిన చోట ఒక్కో పాయింట్. రంగు ఎండిపోయి కుంచె వెంట్రుకలు చీలిన చోట్లు ఉంటాయి చూడు, అవి మాత్రం ఉన్నదున్నట్టు ఉంచు. బోర్డు రాత అనిపించేది అవే.

సీమ_బాలుడు
ఇంత కష్టం ఎందుకప్పా? బాపు అక్షరాల తీరులో ఫాంట్లు ఉన్నాయి కదా. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, లక్కి రెడ్డి ఇలా డజను పైనే తెలుగువి ఉచితంగా దొరుకుతాయి.

కుంచె_అనంత
ఉన్నాయన్నా, వాడతా కూడా. వాటిలో మా పెదనాన్న 'ళ' లేదు, అంతే.

సీమ_బాలుడు
సరే, ఆ ళ చూపించు.

కుంచె_అనంత
ఫోటో పెట్టా. తోకను లోపలికి చుట్టకుండా పక్క అక్షరం కిందికి పోనిస్తాడు. 'కళ్యాణదుర్గం' రాసినప్పుడు ఆ తోక య ఒత్తు, ణ రెండిటి కిందా పరుచుకుంటుందట. ఫాంట్‌లో అది ఎలా చేయాలో నాకింకా తేలలేదు.

బురుజుకాడ
కర్నూలు. మోషన్ గ్రాఫిక్స్ చేస్తాను. వీడియో సంగతి నేను చెప్తా తమ్ముడూ.

ఫాంట్ ఎంత బాగున్నా యానిమేషన్ సాఫ్ట్‌వేర్ అక్షరం అంటే ఏమనుకుంటుందో ముందు చూసుకోవాలి. నా మొదటి క్లయింటు వీడియోలో 'స్త్రీ' అనే మాట ఒక్కో అక్షరంగా ఎగిరి రావాలి. సాఫ్ట్‌వేర్ లెక్కలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. ముందు స వచ్చింది, తర్వాత పొల్లు వచ్చి దాని నెత్తిన వాలింది, ఆ తర్వాత త... మీటింగ్‌లో అందరూ చూస్తున్నారు. నాకు టెన్షన్‌తో చెమటలు.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద సౌత్ ఏషియన్ భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. అది చేసినా ఒక్కో అక్షరాన్ని కదిపే యానిమేటర్‌ను నేను నమ్మను. మాటను ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టి (టైప్ చేసింది గీతల బొమ్మగా మారుతుంది), అక్షరానికి ఒక గ్రూపు కట్టి అప్పుడు పంపిస్తా. అక్షరం అంటే ఒత్తులు, గుణింతం అన్నీ కలిసి నోట ఒక్కసారి పలికేది. రెండో తరగతిలో టీచర్ చెప్పిన లెక్కే.

వెబ్ పేజీలో చేసేవాళ్లకు: జావాస్క్రిప్ట్‌లో మామూలుగా స్ప్లిట్ చేస్తే పైన చెప్పిన ఆరు ముక్కలే వస్తాయి. మాటను అక్షరాలుగా విడగొట్టే ఇంటిల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) వాడండి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు ఒత్తులను కూడా ఒకే అక్షరంలో కలిపి ఉంచే నియమం చేరింది. పాత బ్రౌజర్లలో మాత్రం స్, త్, రీ అని మూడుగా విరుగుతుంది.

పొల్లు_కడప
విరగడం అంటే నాకు గుర్తొచ్చేది పెళ్లి ఫ్లెక్సీ. నేను చేసిన ఫాంట్‌తోనే డిజైన్ చేసి ఫైల్ పంపించా. ప్రింటింగ్ చోట వాళ్ల దగ్గర ఫాంట్ లేదు, ఇంకేదో వేసి కొట్టేశారు. 'శుభాకాంక్షలు'లో క మీద పొల్లు, పక్కన ష. పన్నెండు అడుగుల ఫ్లెక్సీ. పెళ్లికూతురు మేనమామ ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయలేను. అప్పటి నుంచి అక్షరాలను కర్వ్స్‌లోకి (గీతల బొమ్మగా) మార్చకుండా ఏ ఫైలూ గడప దాటించను.

ధర్మవరం_మగ్గం
మా పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. బొమ్మ ఒకే తోలు ముక్క కాదు. తల, చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించి కీళ్ల దగ్గర దారంతో కడతారు. ఆడించేవాళ్లు ఒక పుల్ల లాగితే మోచెయ్యి మాత్రమే ఊగుతుంది. నేను అదే లెక్క అక్షరాలకు పెట్టా. అక్షరం ఒళ్లు ఒక లేయర్, తలకట్టు ఒక లేయర్, ఒత్తు ఒక లేయర్. తిరిగే కేంద్రాన్ని లేయర్ మధ్యలో ఉంచకుండా తలకట్టు అక్షరానికి ఆనే బిందువు దగ్గర పెట్టా. ఐదారు డిగ్రీలు అటూ ఇటూ ఊగిస్తే చాలు, ప్రాణం వస్తుంది. పది దాటితే తలకట్టు ఊడి చేతికొచ్చినట్టు ఉంటుంది.

రెండుసాళ్లు_గుత్తి
ఇట్లాంటి పిచ్చి నాకూ ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి అశోక శాసనాలున్నాయి కదా, బ్రాహ్మీ లిపిలో. అక్కడి లఘు శిలాశాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు పోతాయి. సాలు చివర ఎద్దులను మళ్లించుకుని వచ్చినట్టు. అది చూసి వచ్చి నాలుగు వరుసల తెలుగు వీడియో ఒకటి అట్లాగే చేశా, రెండో వరుస కుడి నుంచి కనబడేలా. 'అనంతపురంలో' అనే మాటలో ముందు 'లో' వచ్చింది, ఎందులోనో తెలియడానికి రెండు సెకన్లు. మా ఆవిడ చూసి "ఏమి చదవాల?" అంది. ఇప్పుడు మాటలు మామూలుగానే వస్తాయి, తుడిచిపెట్టేటప్పుడు మాత్రం ఒక వరుస అటు, ఒక వరుస ఇటు. అది బాగుంది.

సీమ_బాలుడు
నాదో పిచ్చి సలహా. తలకట్లే తీసేస్తే? 575 నాటిదని చెప్పే కలమళ్ల శాసనం మన కడప జిల్లాదే కదా, రేనాటి చోళులది. అందులో తలకట్టు ఇప్పటి టిక్కు రూపంలో లేనే లేదు. మోడ్రన్‌గా ఉంటుంది, యానిమేషన్‌లో ఒక లేయర్ తగ్గుతుంది.

పొల్లు_కడప
ఆ కాలంవాళ్లకు ఆ అక్షరాలే అలవాటు. ఈ ఫాంట్ చదివేవాడు కదిలే బస్సులో కిటికీ పక్కన ఉంటాడు. బోర్డు రాసే ఆయన అక్షరాల్లో తలకట్టు తీసేస్తే ఇంకేం మిగులుతుంది సామీ?

బురుజుకాడ
తలకట్టు ఉంచండి. రాస్తున్నట్టు కదలాలన్నావు కాబట్టి ఒక మాట. ఫాంట్‌లో ఉండేది అక్షరం అంచు మాత్రమే. చెయ్యి ఎక్కడ మొదలై ఎటు పోయిందో అందులో ఉండదు. అక్షరం మధ్యగా కుంచె నడిచిన దారిలో ఒక లావు గీత గీసి, ఆ గీత సాగేకొద్దీ వెనక అక్షరం బయటపడేలా మాస్క్ చేయాలి. ఖ, ణ లాంటి దగ్గర దగ్గర మలుపులున్న వాటిలో లావు గీత పక్క మలుపును కూడా ముందే బయటపెట్టేస్తుంది. అక్కడ గీతను రెండుగా తెంచి రెండు మాస్కులు వేసుకో.

ఇంకో చిట్కా. చేతిరాత ఫాంట్‌లో 'మామ' కొడితే రెండు మ లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే మోసం దొరికిపోతుంది. తరచూ వచ్చే అక్షరాలు మూడేసి సార్లు రాయించు. ఒకటి మామూలుగా, మిగతా రెండు కాల్ట్ అనే ఫీచర్‌తో వంతులవారీగా వచ్చేలా పెట్టు. ఆ మూడు రూపాలనే స్టైలిస్టిక్ సెట్లుగా (మనమే ఎంచుకునే రూపాలుగా) కూడా పెడితే వీడియోకు పనికొస్తాయి. సెకనుకు 24 ఫ్రేములైతే మూడు ఫ్రేములకోసారి సెట్ మార్చు. సెకనుకు ఎనిమిది మార్పులు. అక్షరం కదలకుండా నిలబడే సన్నగా వణుకుతుంది, పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నట్టు.

ఆయన రాస్తుండగా వీడియో తీశావా?

కుంచె_అనంత
తీయలేదక్కా. బుద్ధి లేదు. ఈ ఆదివారం మళ్లీ పోతున్నా.

రెండుసాళ్లు_గుత్తి
పోయేలోపు లావు, సన్నం మార్చుకునే వేరియబుల్ ఫాంట్ చేద్దామనే ఆశ ఉంటే వదిలేయ్. అనెక్ తెలుగు అనే ఫాంట్ చూసి నేనూ ఆశపడ్డా. బరువూ వెడల్పూ రెండూ సాగుతాయి అందులో. దానికి లావు అక్షరంలో, సన్న అక్షరంలో పాయింట్లు అవే సంఖ్యలో, అదే వరుసలో ఉండాలి. ట్రేస్ చేసిన కుంచె రాతకు అది జరిగే పని కాదు. క పోయి మధ్యలో పీతలాగా అయిపోయింది.

కుంచె_అనంత
వచ్చానండీ అనంతపురం నుంచి. చెప్పాల్సింది చాలా ఉంది.

మూడేసి రూపాలు రాయించా. ర, న, ల, క, త, మ, వ, ప. "ఒక్కటే రాయమంటే మూడు రాయమంటావేందిరా, ముందరిది బాగలేదా?" అన్నాడు. పు, వు వగైరా విడిగా రాయించా.

వీడియో తీశా. బురుజుకాడ అక్కకు దండం. ఫోన్‌ను స్టూలు మీద పెట్టి 'రాయలసీమ' రాయమన్నా. సుద్ద పూసిన దారం లాగి రెండు గీతలు కొట్టుకుని మొదలుపెట్టాడు. రా రాశాడు. య రాశాడు, తలకట్టు లేదు. ల, సీ, మ... మ కీ లేదు. మర్చిపోయాడేమో అనుకున్నా. వరుసంతా అయ్యాక కుంచెను డబ్బా అంచుకు రాసి, వెనక్కి వచ్చి, య మీద ఒకటి, మ మీద ఒకటి, టక్ టక్ అని పెట్టేశాడు. ఎందుకట్లా అని అడిగితే, తలకట్లన్నీ ఒకే వాలులో రావాలంటే ఒకే ఊపులో పెట్టాలట. నేను పోయినసారి విడి అక్షరాలు రాయించాను కాబట్టే ఫాంట్‌లో ఒక్కో తలకట్టు ఒక్కో వైపు చూస్తోంది! ఇప్పుడు తలకట్లు మాత్రం ఒక షీటు నిండా రాయించుకొచ్చా.

వీడియోలోనూ అదే చేస్తున్నా. ముందు మాటంతా తలకట్లు లేకుండా వస్తుంది, చివర్లో తలకట్లు ఒక్కోటి పడతాయి. తలకట్టు లేయర్ విడిగా ఉండాలన్న ధర్మవరం అన్న మాట ఇక్కడ బాగా పనికొచ్చింది.

పొల్లు_కడప
సీమ_బాలుడు అడిగిన తలకట్టు లేని ఫాంట్ కూడా ఒక సెకను పాటు దొరికింది, చూశావా? ఒక్కటి అడుగుతా. నీ ఫాంట్‌తో 'స్త్రీ' కొట్టి విండోస్‌లో చూశావా? కింద ఒత్తులు తెగిపోతున్నాయా?

కుంచె_అనంత
తెగిపోతున్నాయి! మీకెలా తెలుసు?

పొల్లు_కడప
అందరికీ తెగుతాయి. ఫాంట్ కొలతలుండే ఓఎస్2 మెట్రిక్స్‌లో విన్ డిసెంట్ (అక్షరం కిందికి పోగల హద్దు) పెంచు. విండోస్ ఆ గీత కింద ఉన్నదాన్ని కోసేస్తుంది. ఇంగ్లీషు ఫాంట్ చూసి 200 పెట్టుకుని ఉంటావు. రెండు ఒత్తులు ఒకదాని కింద ఒకటి పెట్టి, ఎంత లోతుకు పోయాయో కొలిచి, అంత ఇవ్వు. వరుసల మధ్య దూరం పెరుగుతుంది, తెలుగుకు అది తప్పదు. విడుదల చేసేటప్పుడు ఓఎఫ్ఎల్ లైసెన్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే అనుమతి) పెడదామనుకుంటే పెదనాన్నను ఒక మాట అడిగి, ఆయన పేరు అందులో వేయి.

కుంచె_అనంత
అడిగా. "ఊరికే ఇస్తే ఇయ్యి, షాపు పేర్లలో తప్పులు రాయొద్దని చెప్పు" అన్నాడు.

ఇంకో విషయం, నవ్వుకోండి. పొద్దున వీడియో మొదటి కట్ ఆయనకు వాట్సాప్‌లో పంపించా. తలకట్లు పెట్టడానికి నేను రాసిన స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్), అచ్చు కాని ప్రతి అక్షరం మీదా ఒకటి పెట్టేసింది. రా కి దీర్ఘం మీదా, సీ కి గుడి మీదా పడ్డవి నేను చూసి తీసేశా. ఐదు నిమిషాలకు పెదనాన్న ఫోన్. బాగుందనీ అనలేదు, బాగలేదనీ అనలేదు. "ల కి తలకట్టు యాడిది రా?" అన్నాడు.

ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ. తలకట్టు లేని ఈ తొమ్మిదీ లిస్టు రాసి స్క్రిప్ట్‌లో పెట్టా. ళ తోక ఇంకా తేలలేదు, ఎవరికైనా ఐడియా ఉంటే చెప్పండి.