రాయగడకు కొత్త. యండమూరి ప్రేమ నవల గురించి ఒక మాట చెప్పండి

ప్రశ్న (రాయగడ): నమస్కారమండీ. ఈ నెలే ఒడిశాలోని రాయగడ వచ్చాను. యండమూరి వీరేంద్రనాథ్ అంటే నా లెక్కలో ‘తులసిదళం’, చేతబడి, భయం. ‘వెన్నెల్లో ఆడపిల్ల’ మాత్రం ప్రేమకథ అంటున్నారు. ఏ ఉద్దేశంతో తెరవాలి?

జవాబు (పర్లాకిమిడి): ముందు పుస్తకం చేతికి రావాలి కదమ్మా! పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖ వెళ్లి తెచ్చుకోవచ్చు. వెళ్లలేకపోతే దుకాణం వాళ్లను జ్ఞాన్ పోస్టులో పంపమనండి, అంటే పుస్తకాల కోసం తపాలా శాఖ పెట్టిన చౌక సేవ. 2025 మే 1న మొదలైంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో అచ్చయి ఉండాలి. రోడ్డు, రైలు మీదే వస్తుంది కాబట్టి తొందర పనికిరాదు. చాలాచోట్ల కౌంటరు దగ్గరే పేచీ. ఒక ఆఫీసులో ‘అలాంటిదేం లేదు, స్పీడ్ పోస్టే’ అని పార్సిల్ వెనక్కి నెట్టారు. గట్టిగా అడిగితే లోపల ఏముందో చూపించమన్నారు. నాలుగు వరసల టేపు కోసేసరికి అట్ట చిరిగింది. అంచేత కౌంటరులో చూపించాకే టేపు వేయమనండి. చిరునామా తెలుగులో ఒక్కటే రాస్తే కుదరదు. ఒడియాలోనో ఇంగ్లీషులోనో కూడా రాసి, పిన్ కోడ్ 765001 పెద్దంకెల్లో వేయించండి.

బరంపురం: ఇంత గొడవెందుకు బాబూ, రిజిస్టర్డ్ పోస్టు చాలదూ?

పర్లాకిమిడి: అది 2025లోనే స్పీడ్ పోస్టులో కలిసిపోయింది అన్నా.

బరంపురం: సరే. అమ్మా, అసలు సంగతికొస్తాను. ఇందులో దెయ్యం లేదు, హత్య లేదు. చదరంగం ఆటగాడికి ఒక ఆడగొంతు ఫోన్ చేస్తుంది. తనెవరో కనిపెట్టమని చిక్కుముడులు ఇస్తుంది. ఫోన్ మీద నంబరు కనబడని కాలమది, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. మోగే ఫోన్ ఎత్తితే తప్ప అవతల ఎవరో తెలియదు. ఇవాళ్టి సెల్‌ఫోన్ బుర్రతో చదివితే ‘నంబరు చూసుకోవచ్చుగా’ అనిపించి సగం రుచి పోతుంది. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి. చిక్కుముడి రాగానే పేజీ తిప్పకండి. పది నిమిషాలు మీరూ కుస్తీ పట్టండి. విడిపోకపోయినా ఫరవాలేదు, అతని ఆత్రం మీకూ అంటుతుంది. చదరంగం రాకపోయినా కథ ఆగదు.

జయపురం: రచయిత మారిపోయాడన్నట్టు చెప్తున్నారు, నేనొప్పుకోను. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. వచ్చే వారం దాకా పాఠకుణ్ణి ఉగ్గబట్టించిన చెయ్యే ఇక్కడా పని చేసింది. గడువు పెట్టడం, ఆధారం చూపించి దాచెయ్యడం, అవే ఎత్తులు. అక్కడ ప్రాణభయం, ఇక్కడ గొంతు మీద మోజు.

బరంపురం: ఎత్తులు అవే, కాదనను. కానీ భయం నవలలో ఆధారం దొరికితే ఊపిరి పీల్చుకుంటాం. ఇందులో ఒక్కో ఆధారం దొరికేకొద్దీ గుండె బరువెక్కుతుంది. ఆ తేడా ముగింపులో...

జయపురం: ముగింపు ఎత్తకండి సార్! అమ్మా, ఇదే కథతో 1995లో కన్నడంలో ‘బెళదింగళ బాలె’ తీశారు. నవల అయ్యాకే చూడండి. వెనక అట్ట మీద రాసిందీ ముందు చదవద్దు.

గుణుపురం: పాత ప్రతి కొంటే ఒక్కటి చూసుకోండి. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా కుడతారు. జిగురెండితే ఫారం మొత్తం ఊడిపోతుంది, ముఖ్యంగా చివరిది. 17, 33, 49 అలా పదహారేసి దాటుకుంటూ పేజీ అంకెలు సరిచూడండి. అద్దె లైబ్రరీ ప్రతి అయితే చిక్కుముడుల పక్కన పెన్సిలుతో జవాబులు రాసేసి ఉంటారు. రబ్బరు పెట్టి చెరిపించి మరీ తీసుకోండి, మీరు మాత్రం అటు చూడకండి.