ముసలి కణాల్ని చంపే మాత్రలంట, నాన్న రెండు డబ్బాలు తెప్పించేశారు

భీమవరంబుల్లోడు: మా నాన్నకి 68, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. ఏదో వీడియో చూసి క్వెర్సెటిన్ అని ఆన్‌లైన్లో తెప్పించారు, ఒంట్లో పని మానేసినా చావని ముసలి కణాలుంటాయంట, ఇది వాటిని ఏరి చంపుద్దంట, మోకాళ్ళ నొప్పి కూడా పోద్దంట. వద్దంటే నీకేం తెల్సురా అంటున్నారు. ఎవరైనా వాడారా?

నీలిఫ్లాస్కు: ముసలి కణాలు నిజమేనండి. నేను ల్యాబ్‌లో నాలుగేళ్ళు చర్మం కణాలు పెంచాను, మొదట్లో సన్నగా కదురుల్లా ఉండి మూడ్రోజులకే ఫ్లాస్కు నిండిపోయేది, పోనుపోను వారమైనా నిండదు, ఒక్కోటి పెనం మీద దోసెలా పరుచుకుపోయి అలా పడుంటది, రెండుగా విడిపోదు, చావదు. మనిషి కణం ఓ 40-60 సార్లు విడిపోయాక ఆగిపోద్దని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది ఇదే. మధ్యలో ఫ్రీజ్ చేసి ఏళ్ళ తర్వాత తీసినా లెక్క మొదటికి రాదు, ఆగిన చోటు నుంచే. వీటిని పట్టుకోడానికి నీలం రంగు పరీక్ష ఉంది, ముసలి కణాలైతే నీలంగా మారతాయి, మొదటిసారి నేను తెలీక కణాలు పెంచే సీఓటూ ఇంక్యుబేటర్‌లో పెట్టేశా, అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి ద్రావణం పీహెచ్ (పులుపు స్థాయి) మారిపోయి పొద్దున చూస్తే ఒక్క కణమూ నీలం కాలేదు, మా సీనియర్ అక్క తలంటింది 😅

కర్నూలోడు: క్వెర్సెటిన్ అంటే ఉల్లిగడ్డలో ఉండేదే కదన్నా? అట్లయితే మా మార్కెట్ యార్డులో ఒక్కరికీ ముసలితనం రాగూడదే. సరేగానీ అవి ఊరికే పడుంటే నష్టమేంది?

నీలిఫ్లాస్కు: ఊరికే ఉంటే గొడవే లేదు. వాపు పుట్టించేవి ఏవేవో వదుల్తుంటాయి, పక్కన మంచిగా ఉన్నవాటినీ తమలాగే చేస్తాయి. 2011లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, తొందరగా ముసలివయ్యే రకం ఎలుకల్లో వీటిని ఏరేస్తే కండ కరగడం, శుక్లాలు రావడం ఆలస్యమైంది. అలాగని అన్నీ చెడ్డవీ కాదు, గాయం మానడానికి కాసేపు కావాలి, పాడైన కణం క్యాన్సర్‌గా మారకుండా ఆపేది కూడా ఈ ఆగిపోవడమే. వీడియోల్లో ఈ ముక్క చెప్పరు.

రెండోమెట్టు: ప్రయోగాల్లో క్వెర్సెటిన్ ఒక్కటే ఇవ్వలేదండి, ఎక్కువగా డాసాటినిబ్‌తో కలిపి ఇచ్చారు. ఆ డాసాటినిబ్ నేను బ్లడ్ క్యాన్సర్‌కి రోజూ మింగే మాత్ర. ఏడాదిన్నరకి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, రెండు మెట్లెక్కితే ఆయాసం, కొన్నాళ్ళు ఆపి డోసు తగ్గించారు. నాకది ప్రాణం నిలబెట్టే మందు కాబట్టి భరిస్తున్నా, ఏ జబ్బూ లేనోళ్ళు యవ్వనం కోసం మింగుతామంటే ఒళ్ళు మండుతుంది. జుట్టు తెల్లబడ్డం కూడా ఏం ఆగలేదు లెండి.

నీలిఫ్లాస్కు: అవును మేడమ్. 2019లో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బున్న 14 మందికి ఈ జోడీ మూడు వారాలిచ్చారు, కాస్త ఎక్కువ దూరం నడిచారు, కానీ పోల్చడానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపే లేదు. మోకాలికైతే ఇదే ఐడియాతో వేరే మందు సూది 2020లో పరీక్షించారు, 12 వారాలకి ఉత్తుత్తి సూదికీ దానికీ తేడా రాలేదు. బాబూ, ఈ మోకాలి సంగతి నాన్నగారికి చదివి వినిపించు, ఆ డబ్బా షుగర్ డాక్టర్‌కి కూడా చూపించు.

భీమవరంబుల్లోడు: చూపించామండి, నేను రాసే మాత్రలు సరిగ్గా వేస్కోండి చాలు, ఇది పక్కన పెట్టండి అన్నారు. మోకాలి సంగతీ చదివా, "ఎలకలకి పనిచేసిందిగా" అన్నారు నాన్న. ఒక డబ్బా రిటర్న్ పెట్టాను, రెండోది దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనకాల దొరికింది, సీలు తీసేసుంది.