రక్తంలో క్యాన్సర్ కణాలను పట్టే చిప్ పరీక్ష అమ్మకు చేయించవచ్చా?

ప్రశ్న: అమ్మకు రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయి ఏడాదిన్నర అయింది. ఒక ల్యాబువారు చిన్న చిప్‌తో రక్తంలోని క్యాన్సర్ కణాలను పట్టేస్తామని, ఇక స్కాన్ల అవసరమే ఉండదని చెబుతున్నారు. స్కాన్ మాట ఎత్తితే చాలు, అమ్మకు ఆ రాత్రి నిద్ర ఉండదు. చేయించమంటారా?

జవాబు: అమ్మగారి భయం అర్థమైందండీ. నేను పనిచేసేది అలాంటి చిప్‌ల మీదే. అయినా చెబుతున్నాను, దీన్ని నమ్ముకుని డాక్టరుగారు రాసిన పరీక్షలు మానిపించకండి.

ఒక్క మిల్లీలీటరు రక్తంలో సుమారు 500 కోట్ల ఎర్ర కణాలుంటాయి, తెల్ల కణాలు లక్షల్లో ఉంటాయి. వ్యాధి ఇతర అవయవాలకు పాకినవారిలో కూడా వాటి మధ్య క్యాన్సర్ కణాలు చాలాసార్లు ఒకటో రెండో. 2007లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి పరిశోధకులు చూపిన చిప్‌లో 78,000 సూక్ష్మ స్తంభాలున్నాయి. వాటికి పూసిన యాంటీబాడీ (ఒక నిర్దిష్ట ప్రోటీన్‌కే అతుక్కునే పదార్థం), చాలా క్యాన్సర్ కణాల పైన ఉండే ఎప్‌క్యామ్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఆ కణాన్ని ఆపేస్తుంది. రక్తాన్ని గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున ఓపికగా పంపాలి. సన్నని కాలువలో ఒక్క గాలి బుడగ చేరినా ఆ నమూనా పాడైనట్టే. పైగా కొన్ని క్యాన్సర్ కణాలపై ఆ ప్రోటీన్ తగ్గిపోతుంది, అవి స్తంభాల మధ్య నుంచి జారుకుంటాయి. అందుకే ‘కనిపించలేదు’ అన్నంత మాత్రాన ‘లేదు’ అని కాదు.

అయస్కాంత రేణువులతో రక్తంలోని క్యాన్సర్ కణాలను పట్టి లెక్కించే సెల్‌సెర్చ్ అనే పరీక్షకు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది, అదీ పాకిన రొమ్ము క్యాన్సర్‌కే. 7.5 మిల్లీలీటర్లలో 5 లేదా అంతకు మించి కణాలుంటే వ్యాధి తీవ్రమని అంచనా. మొదటి విడత కీమో తర్వాత కూడా లెక్క తగ్గనివారికి వెంటనే మందు మార్చి చూశారు. ఆయుష్షు పెరగలేదని 2014లో తేలింది. ఆ ఫలితం చదివి చాలా బాధపడ్డాను.

అమ్మగారికి లక్షణాలేవీ లేకపోతే డాక్టరు తనిఖీ, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ముఖ్యం.

మరొకరు: మా నాన్నగారికి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీశారు. దానికి చిప్ మేలా?

జవాబు: ముందు మామూలు సైటాలజీయే (నీటిలోని కణాలను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేయించండి. తీసిన నీటిలో కనీసం 50 మిల్లీలీటర్లయినా ల్యాబుకు పంపమనండి, సెల్ బ్లాక్ (ఆ కణాలను ముద్దగా చేసి మైనంలో భద్రపరచడం) కూడా చేయమని అడగండి. కణాలు తగినన్ని ఉంటే జన్యు పరీక్షలకూ అదే పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ల్యాబుకు ఫోను చేసి, ఈ పరీక్షకు ఏ దశ రోగుల కోసం అనుమతి ఉందని అడిగాను. చెప్పలేకపోయారు. శుక్రవారం మామోగ్రామ్‌కు అమ్మతో నేనే వెళ్తున్నాను.