మంచు కురిసిందా, పట్టిందా?

మంచు అంటే కాశ్మీరులో పడేదే కదా, మన అనంతపురంలో ఎక్కడిది అని ఒక తమ్ముడు అడిగాడు. తమ్ముడూ, డిసెంబరులో తెల్లవారుజామున ఉరవకొండ వైపు నల్లరేగడి చేలల్లో నడిచి చూడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడుస్తుంది. అక్కడి రైతు దాన్ని మంచు అనే అంటాడు.

ఏ మంచో తేల్చేది పక్కనున్న క్రియ. "మంచు పట్టింది" అంటే ఎదురుగా వచ్చే బస్సు కంటికి ఆనదు. "మంచు విడిచింది" అంటే ఎండ పొడిచింది. "మంచు కరిగింది" అంటే హిమాలయాల సంగతి. "మంచు కురిసింది" అంటే మాత్రం చేను తడిసింది. నాకు బాగా ఇష్టమైన వాడుక ఇదే. నిజానికి ఆ తడి పైనుంచి పడదు. మబ్బు, గాలి లేని రాత్రి ఆకు చల్లబడితే గాలిలోని ఆవిరే దాని మీద నీరవుతుంది. అయినా వానకు వాడే క్రియనే మనవాళ్లు దీనికీ ఇచ్చారు. వాన కరువైన సీమలో అది చిన్న గౌరవం కాదు.

"శనగ మంచుకే పండుతుంది" అంటారు కదా. అక్టోబరు, నవంబరులో విత్తాక వాన లేకున్నా పంట చేతికొస్తుంది. అసలు బలం రేగడి నేల దాచుకున్న పదునుదే, అంటే లోపలి తడిదే, కానీ పేరు మంచుది. శనగాకు మీది మంచు నాలుకకు పుల్లగా తగులుతుంది, ఆకు నూగులో ఆమ్లం ఊరుతుంది కాబట్టి. రాత్రి చేను మీద గుడ్డ పరిచి, పొద్దున పిండి ఆ పులుపును మందుకు వాడేవాళ్లు. ఆయుర్వేదంలో దాని పేరు చణకామ్లం.

— అన్నా, మా కడప మామిడి తోటల్లో "మంచుకు పూత మాడిపోయింది" అని తిట్టుకుంటారు. అదీ ఈ మంచేనా? పొగమంచు అని రాయాలా?

— అదే మంచు అక్కా. చల్లటి తేమకు పూతను బూడిద తెగులు పట్టుకుంటుంది, నింద మంచుకు పోతుంది. ఇక పొగమంచుకు వాతావరణ శాఖ దగ్గర లెక్క ఉంది: చూపు కిలోమీటరు లోపే ఆగాలి. రోడ్డు గురించి రాస్తే పొగమంచు అనండి. తోట, చేను గురించి రాసేటప్పుడు మాత్రం మంచు అనే ఉంచండి.