మిర్చి రకాలు గుర్తుపట్టడానికి జెనెటిక్ అల్గారిథమ్ అవసరమా, హంగామానా?

గుంటూరు_ఘాటు:
ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. మన మిర్చి యార్డులో 12 టిక్కీల్లోంచి (మిర్చి బస్తాలు) కాయలు తీసి 420 ఫొటోలు తీశా. తేజ, 334 అనే రెండు రకాలు, తాలు (తెల్లబారిన నాసి కాయ) అని మూడు తరగతులు. రంగు, పొడవు, ముడతలు అన్నీ కలిపి 40 ఫీచర్లు (కొలిచే లక్షణాలు). వాటిలో ఏవి ఉంచాలో జెనెటిక్ అల్గారిథమ్‌తో (మంచి ఎంపికల్ని జతకలిపి తరతరాలుగా మెరుగుపరిచే పద్ధతి) ఎంచుకుంటే ఎస్‌వీఎం అనే వర్గీకరణ మోడల్ 97 శాతం కరెక్టుగా చెబుతోంది. మా గైడ్ మాత్రం ఇదంతా దండగ అంటున్నారు.

బెజవాడ_బిట్స్:
గైడ్ గారిదే రైటు. తరానికి 50 ఫీచర్ల ఎంపికల చొప్పున 100 తరాలంటే 5 వేల సార్లు మోడల్‌ని ట్రైన్ చేయాలి. బోలెడు చిన్న మోడల్స్ కలిసి ఓటేసే ర్యాండమ్ ఫారెస్ట్ ఒక్కసారి నడిపితే ఏ ఫీచర్ ముఖ్యమో అదే చెబుతుంది.

గుంటూరు_ఘాటు:
అన్నా, పొడవు, చుట్టుకొలత లాంటి జంట ఫీచర్లుంటే అది ఇచ్చే ప్రాముఖ్యత మార్కులు రెండింటికీ చీలిపోతాయి, రెండూ చిన్నవిగా కనిపిస్తాయి. పోనీ అన్ని కాంబినేషన్లూ చూద్దామంటే 1 లక్ష కోట్లకు పైనే.

యార్డు_పాతకాపు:
తమ్ముడూ, ట్రైనింగ్‌కీ టెస్టుకీ ఫొటోలు ఎలా విడదీశావు? టిక్కీల వారీగానా, అన్నీ కలిపేసా?

గుంటూరు_ఘాటు:
కలిపేసే అండీ.

యార్డు_పాతకాపు:
అదీ సంగతి. ఒక టిక్కీలో కాయలన్నీ ఒకే చేలోవి, ఒకే కళ్లంలో ఎండినవి, నువ్వు ఫొటో తీసిందీ ఒకే వెలుతురులో. నీ అల్గారిథమ్ రకాన్ని కాదు, టిక్కీని గుర్తుపడుతోంది. పైగా ఒకే ప్రశ్నపత్రం 5 వేల మందికి ఇస్తే ఎవడో ఒకడు అదృష్టం కొద్దీ ఫస్టొస్తాడు. క్రాసోవర్ (జతకలపడం), మ్యుటేషన్ (చిన్న మార్పులు చేయడం) అంటూ వాడి పిల్లల్నే పెంచావు. రకానికో టిక్కీ పక్కన పెట్టు, వెతుకులాట అయ్యేదాకా ముట్టుకోకు.

గుంటూరు_ఘాటు:
చేశానండీ. 97 కాస్తా 81కి పడింది. ర్యాండమ్ ఫారెస్ట్‌కి 80. నిన్నంతా టెన్షన్.

బెజవాడ_బిట్స్:
ఒక్క శాతం కోసం 5 వేల సార్లా? :)

యార్డు_పాతకాపు:
మూడు టిక్కీల మీద ఆ ఒక్క శాతం లెక్కలోకి రాదులే. కానీ బిట్స్ గారూ, ఫీచర్ల ఏరివేత ఒక్కటే దాని పని కాదు. 1975లో ఈ పద్ధతి మీద పుస్తకం రాసిన జాన్ హాలండ్, 1978లో రైట్‌మన్‌తో కలిసి 'ఇలా ఉంటే అలా చెయ్' అనే నియమాలే పోటీపడి మెరుగయ్యే వ్యవస్థ కట్టారు. 'ఎరుపు ఇంతకన్నా తక్కువ, తెల్ల మచ్చ ఇంతకన్నా ఎక్కువ, అయితే తాలు' అంటే కొనేవాడికి అర్థమవుతుంది. ఎస్‌వీఎం లోపల ఏముందో ఎవరికి చెబుతావు?

బెజవాడ_బిట్స్:
ఆ పనికి డెసిషన్ ట్రీ (వరసగా అవును-కాదు ప్రశ్నలడిగే మోడల్) చాలదా అండీ?

యార్డు_పాతకాపు:
చాలొచ్చు. తాలుని తేజ అనడం, తేజని తాలు అనడం ఒకటే తప్పు కాదు. ఆ నష్టాన్ని రూపాయల్లో నేరుగా ఫిట్‌నెస్‌లో (ఏది మెరుగో తేల్చే మార్కు) పెట్టి, ఆ నియమాల పద్ధతీ డెసిషన్ ట్రీ రెండూ నడిపి చూడు తమ్ముడూ. ముందు ఇంకో 30 టిక్కీల ఫొటోలు తీయి.