కొలంబస్ ఉగాది: ఆర్థిక గణాంకవేత్త జి.ఎస్. మద్దాల గారి మీద పెట్టే స్టాల్ పనులు (ప్రదర్శన, వివరాల పరిశీలన, ముద్రణ చూసేవాళ్ల మాటలు)

ప్రదర్శన: స్టాల్‌కి 6 అడుగుల బల్ల ఒకటి, 24×36 అంగుళాల బోర్డులు మూడు. మొదటిది జీవితం: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం బి.ఏ. (1955), బొంబాయిలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. (1957), షికాగోలో పీహెచ్‌డీ (1963). తర్వాత స్టాన్‌ఫర్డ్, రాచెస్టర్, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల్లో బోధన. 1993 నుంచి 1999లో కన్నుమూసేదాకా మన ఊళ్లోనే, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో.

వివరాల పరిశీలన: అక్కా, రెండో బోర్డు చిత్తులో "లాజిట్, ప్రాబిట్, టోబిట్ కనిపెట్టారు" అని ఉంది. తీసేయండి. టోబిట్ 1958లో ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ గారిది, మిగతా రెండూ ఇంకా పాతవి. లాజిట్, ప్రాబిట్ జవాబు అవును, కాదుల్లోనే ఉన్నప్పుడు వాడే గణాంక పద్ధతులు; టోబిట్ కొలత ఒక హద్దు దగ్గర ఆగిపోయినప్పుడు వాడేది. ఇవి ఎక్కడెక్కడో వ్యాసాల్లో చెల్లాచెదురుగా ఉండేవి. 1983 నాటి పుస్తకంలో మద్దాల గారు వాటిని ఒక వరసలో పెట్టి నేర్పారు. అది చిన్న పని కాదు, పెద్ద అక్షరాల్లో వెయ్యండి.

ప్రదర్శన: సరే, మారుస్తాను. మూడో బోర్డు పిల్లలతో చేయించేది. అడ్డంగా వయసు, 4 నుంచి 16. తెలుగు చదవగలిగితే పైన 1 గీత మీద చుక్క, లేకపోతే కింద 0 మీద.

వివరాల పరిశీలన: బాగుంది. కానీ అమ్మానాన్నల్ని అడగొద్దండి, అందరూ "వచ్చు" అంటారు. 10 మాటల కార్డు చూపించి, 6 చదివితే 1. పేర్లు రాయొద్దు. 40 చుక్కలు పడ్డాక దారం తిన్నగా లాగితే చిన్నవాళ్ల దగ్గర 0 కిందికో, పెద్దవాళ్ల దగ్గర 1 పైకో పోవచ్చు. అవకాశం అలా ఉండదు కదా, అందుకే లాజిట్ గీసే ఎస్ ఆకారం వంపు. ఒక ప్రమాదం: 9 దాటిన వాళ్లంతా 1, లోపు వాళ్లంతా 0 అయితే వంపు నిట్టనిలువు మెట్టయిపోతుంది, లాజిట్ గుణకానికి (వంపు ఎంత నిటారుగా ఉందో చెప్పే అంకెకి) అంతు దొరకదు. కార్డులో ఒత్తుల మాటలు ఎక్కువ కలిపితే పెద్దవాళ్లలోనూ కొన్ని 0లు పడొచ్చు.

వంపు పక్కన ఈ లెక్క కూడా ఉండాలి: గుణకం 0.4 అంటే ఏడాదికి 40 శాతం పెరుగుదల కాదు. అవకాశం సగం ఉన్నచోట సుమారు 0.4/4, అంటే 10 శాతం పాయింట్లు. అంచుల్లో ఇంకా తక్కువ. చాలామంది తప్పు చదివేది ఇక్కడే.

ముద్రణ: దుకాణంలో మన ఫాంట్ లేకపోతే ఒత్తులు విడిపోయి "మద్‌దాల" అని పడుతుంది. అక్షరాలన్నీ ఔట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ పంపండి. ముందు ఒక ఎ4 నమూనా తీయిస్తాను, అది చూశాకే బోర్డులు.